దొంగ నెత్తురు

నగరి ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఈ పొద్దు నుంచి మా టీ అంగట్లో వడకు నడుమ బొక్క ఉండదు.

పోయిన ఏడాది అంగడి ముందర నిలబడి, రోజూ కోసే కోతల్లో ఒకటిగా ఈ ప్రకటన నేను చేస్తుండగానే మరమగ్గాల యజమాని దొరస్వామి, తన షెడ్డులో పనిచేసే పిల్లోడిని, మా వీధి కుప్పమ్మ కొడుకును, చొక్కా పట్టి ఈడ్చుకొచ్చినాడు. షెడ్డులో నూలు కట్ట పోయిందంట.

"వీళ్ల నాయన దొంగ, జైల్లోనే సచ్చినాడు. దొంగతనం జీన్లలోనే వస్తాదంటబ్బా, ఫోన్లో డాక్టరు చెప్పినాడు" అని పోలీసులను పిలవబోయినాడు.

"మీ నాయన దానకర్ణుడు గదప్పా, ఆ జీను నీకెందుకు రాలేదు?" అన్నాను. వినలేదు. పరిగెత్తి కుప్పమ్మను పిల్చుకొచ్చినాను.

వస్తానే ఆమె కొడుకుకు అడ్డం నిలబడింది. "వీడు నా మొగుడికి పుట్టలేదు సామీ. సత్యవేడు బస్సు డ్రైవరుకు పుట్టినాడు. వీడికి దొంగ నెత్తురు యాడిది?"

దొరస్వామి చొక్కా వదిలినాడు. జనం తల్లిని చూసి నవ్వినారు. కొడుకు నవ్వలేదు. ఒకే ఇంట్లో ఉన్నా, అప్పటి నుంచి ఆమెను అమ్మా అని పిలవడంలేదు.

ఆ డ్రైవరు అనేవాడే లేడు. దోవలో నేనే కల్పించి కుప్పమ్మకు నేర్పినాను.

నిన్న ఈ సంగతి కుప్పమ్మ కొడుక్కి చెప్పినాను.

"నువ్వెప్పుడు నిజం చెప్పినావు మామా?" అని లేచిపోయినాడు.