తలుపు అడిగిన పేరు

మా కాలనీలో ఇప్పుడు ఎవరి దగ్గరా తాళంచెవి లేదు. తలుపే మనిషి ముఖం చూసి తెరుచుకుంటుంది. గుర్తుపట్టకపోతే రహస్యపదం అడుగుతుంది. పోయినేడు కన్నుమూసిన మా ఆయన, తలుపు బిగించిన రోజున ఆ పదంగా తన పేరే పెట్టి తెగ నవ్వారు. పెళ్లయిన నాటి నుంచి నేను ఆ పేరు పలికింది లేదు మరి.

ఈ ఉదయం పొయ్యి మీద పాలు పెట్టి, కరివేపాకు కోసం బయటికి వచ్చాను. కంటి ఆపరేషన్ తర్వాత డాక్టరు తీయకూడదన్న నల్లద్దాలు పెట్టుకుని ఉండటంతో తలుపు నన్ను గుర్తుపట్టలేదు.

“రహస్యపదం చెప్పండి.”

“మా ఆయన.”

“తప్పు.”

“సుభాషిణి వాళ్ల నాన్న.”

“తప్పు.”

పక్కింటి సామ్రాజ్యం గోడ మీదుగా నవ్వింది. “పేరు చెప్పెయ్ వదినా! పలికితే అన్నయ్యేమన్నా వచ్చి దెబ్బలాడతాడా?”

“నువ్వు చెప్పవే!”

“నా గొంతు మీ తలుపు వింటుందా ఏంటి?”

మాడు వాసన వచ్చేసింది. కళ్లు మూసుకుని అరిచాను: “కోటిలింగం!”

తలుపు తెరుచుకుంది. అందులోంచి ఆయన గొంతు, ఎప్పుడు రికార్డు చేసి పెట్టారో: “ఆ, వస్తున్నానే! ఎందుకంత కేక?”

గబగబా వెళ్లి పొయ్యి ఆర్పాను. గిన్నె అడుగంతా నల్లబడింది. దాన్ని అలాగే వదిలేసి, మళ్లీ బయటికి వచ్చి తలుపు మూశాను.