మీరు ముగ్గురేనా?

ఎర్ర దీపం వెలుగుతుండగానే స్టూడియో తలుపు కిర్రుమంది.

పల్లవి మధ్యలోనే తెగిపోయింది.

"అయిపోయింది! మళ్ళీ మొదటికొచ్చింది," అంటూ అక్క హెడ్‌ఫోన్లు మెడ మీదికి జార్చింది.

గుమ్మంలో ఒక ముసలావిడ. బూడిదరంగు స్వెట్టరు, చేతిలో సంచి, మెట్లెక్కి వచ్చిన ఆయాసం.

"అమ్మాయ్, పాట ఇక్కడేనా..."

"ఇక్కడేనండీ. మీరు కింది వాటా వాళ్ళు కదూ? పొద్దుట్నుంచి కర్రతో కప్పు పొడుస్తూనే ఉన్నారుగా! సాయంత్రం దాకా ఓర్చుకోండి. ఆ తర్వాత మా పీడ మీకు విరగడవుతుంది."

ముసలావిడ ఏదో చెప్పబోయింది. ఊపిరి చాలక గోడవారనున్న కుర్చీలో కూలబడింది.

అక్క, చెల్లెలు, వాళ్ళ మేనమామ కూతురు. ఇద్దరికీ వదిన వరసే. ముగ్గురిదీ ఒకటే పిచ్చి. అరవైల తొలినాళ్ళలో ఒక ఊపు ఊపిన అమ్మాయిల బృందం పాటల్ని అదే ధ్వనితో మళ్ళీ పాడాలని. ఎత్తుగా దువ్విన జుట్టు, చుక్కల గౌన్లు, మధ్యన ఒకే మైకు, అచ్చం పాత రికార్డు అట్ట మీద నవ్వుతున్న ఆ ముగ్గురిలాగే.

అన్నీ కుదిరాయి. పల్లవి మాత్రం నీళ్ళు కలిపిన పాలలా పలచగా వస్తోంది. సాయంత్రం రికార్డు కంపెనీ మేనేజరు వచ్చి వింటాడు. నచ్చకపోతే ఈ బృందానికి ఇదే ఆఖరి పాటని ముందే చెప్పేశాడు.

"ఆ పాత బృందంలో మిగిలున్నావిడ ఒక్కసారి వచ్చి వింటే బావుండేది," అంది చెల్లెలు, నలిగిన గొంతుతో.

"ఆవిడ మంచం దిగలేరే. ఏదో ఒకటి చేస్తానన్నారు. పాపం, ఏం చేస్తారు?" అంది వదిన.

ముసలావిడ సంచిలోంచి ఫ్లాస్కు తీసి, మూతలో గోరువెచ్చని నీళ్ళు పోసి చెల్లెలికి అందించింది.

"ముందు గొంతు తడుపుకో. మీరు ముగ్గురేనా?"

"మా ముగ్గురి గోల చాలదా మామ్మగారూ?" అంది అక్క.

"చాలదమ్మా."

వదిన ఫక్కున నవ్వింది. "విన్నావా, కర్ర కంటే నాలుకే గట్టిగా తగులుతోంది!"

అక్క నవ్వలేదు.

అద్దం అవతల రికార్డింగు చూసుకునే సౌండు మావయ్య చెయ్యెత్తాడు. ఎర్ర దీపం వెలిగింది. పల్లవి ఎత్తుకున్నారు. రెండో పాదంలో ఆయన ఆపమని చెయ్యి ఊపాడు.

"బయటి గొంతు కలుస్తోందమ్మా."

హెడ్‌ఫోన్లు తీసి చూస్తే, ముసలావిడ కళ్ళు మూసుకుని పాడుతోంది.

"ఏమిటండీ ఇది!" అక్క గొంతు పెరిగింది. "గిన్నెలు తోముకుంటూ పాడుకునే పాట కాదు. ఇది మా బతుకు. దయచేసి కిందికి వెళ్ళండి."

"వెనకాల నిలబడి, ఒక్కసారి..."

"వద్దండీ!"

ముసలావిడ లేచింది. మొహంలో కోపం లేదు. ఈలోగా దీపం మళ్ళీ వెలిగింది. అది ఆరేదాకా సంచి పట్టుకుని కదలకుండా నిలబడింది. ఆరాక, ఫ్లాస్కు చెల్లెలి పక్కన పెట్టి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

ఎన్నిసార్లు పాడినా అదే పలచన. వదిన గోళ్ళు కొరుకుతోంది. అక్క మైకు చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"పిల్లలూ, ఇలా రండి," అన్నాడు సౌండు మావయ్య. ఆయన మొహం అదోలా ఉంది. "తీసేద్దామని పక్కన పెట్టిన ముక్క. ఒకసారి వినండి."

మొదటి పాదం మామూలే. రెండో పాదంలో గదంతా ఒక్కసారిగా నిండిపోయింది. అచ్చం పాత రికార్డే. అంతలోనే, "ఏమిటండీ ఇది!" అంటూ అక్క కేక.

ముగ్గురూ మెట్లు దిగి పరుగెత్తారు. కింది వాటా తలుపు బాదారు. కర్ర పట్టుకుని ఒక బట్టతలాయన బయటికొచ్చాడు.

"ముసలావిడా? ఈ ఇంట్లో నేనూ, మీరిచ్చిన తలనొప్పీ తప్ప ఇంకెవరూ లేరు!"

వీధిలోకి వచ్చారు. జనం, బస్సులు. ఆ స్వెట్టరు ఎక్కడా కనిపించలేదు.

అక్క ఫోను మోగింది. మంచం పట్టిన ఆ పాత గాయని.

"ఏమ్మా, నేను పంపినావిడ వచ్చిందా? కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది, ఇక ఈ వైపు రాదు. రైలెక్కే ముందు మీతో ఒక్కసారి పాడి వెళ్ళమన్నాను. ఈపాటికి బండి కదిలే ఉంటుంది. పాట బాగా కుదిరిందా?"

అక్క మెల్లగా అడిగింది.

"ఆవిడ... ఎవరండీ?"

"చెప్పలేదూ? దానికెప్పుడూ మొహమాటమే. అప్పట్లో మా నలుగురికీ కలిపి ఒకటే మైకు. దగ్గరికొస్తే మా ముగ్గురి గొంతులూ దాని గొంతులో మునిగిపోతాయని, దూరంగా నిలబెట్టి, గోడవైపు తిప్పి పాడించేవాళ్ళు. అట్ట మీది ఫొటోకి పిలవలేదు గానీ తల్లీ, ఆ పల్లవంతా నిండి ఉన్నది అదే."