కత్తి అందుకునే చేతులు

తెల్లారేసరికి నయీమ్ కత్తి వంగిపోయింది.

సౌదీలోని ఖోబర్ ఊరి సముద్రపు గాలి తేమకు అట్టముక్క మెత్తబడి, వాడిన అరటాకులా వేలాడింది. చూడగానే మహబూబ్బీ ఇక అంతా చెడిందనుకుంది. కీడెంచి మేలెంచమంటారు పెద్దలు. ఆమె ఎప్పుడూ కీడు దగ్గరే ఆగిపోతుంది.

పొయ్యి మీద పాలు పెట్టి, చీపురులోంచి నాలుగు గట్టి పుల్లలు లాగింది. అట్టకు ఆనించి టేపు చుట్టింది. పైన రొట్టెలు చుట్టే వెండిరంగు కాగితం అతికించింది. కత్తి మళ్లీ నిటారుగా నిలబడింది. అప్పుడు గానీ ఆమెకు ఊపిరి ఆడలేదు.

ఈ పూటే బడిలో వార్షికోత్సవం. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో దేశం కథ చెప్పాలి. నయీమ్‌కు జపాన్ వచ్చింది. సమురాయ్‌లు ఎలా పుట్టారో, ఎలా ఎదిగారో వాడు చెప్పాలి. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన మహబూబ్బీకి, ఇరవై రోజులుగా విని విని ఆ పాఠం కంఠతా వచ్చేసింది. బడిలో ఇంగ్లీషులో చెప్పాల్సిందే. ఆమె దగ్గర మాత్రం వాడు ఆమె కడప మాటల్లోనే అప్పజెబుతాడు.

"ఇంకొక్క తూరి చెప్పు నాయనా. సమురాయ్ అంటే ఎవరు?"

"పనోడు మా," అన్నాడు నయీమ్, నోట్లో దోసెతో.

"మింగి చెప్పు. పొలమారుతాది."

"పక్కన నిలబడి కొలువు చేసేవోడు. రాజు యాడో దూరంగా ఉండె. ఊర్లల్లో దొంగల భయం. అందుకని భూములుండే దొరలు, గుర్రమెక్కి బాణాలేసేవోళ్లను కాపలాకు పెట్టుకొనిరి."

"బాణాలా? మనం కత్తి చేస్తిమే! టీచరమ్మ తప్పంటే ఎట్లరా?"

"కత్తి గూడా ఉండె మా. నువ్వు ఊరికే భయపడతావు."

"సరే సరే. తర్వాత?"

"దొరలు మేడల్లో కూర్చొని పాటలు రాసుకుంటాండిరి. కొట్లాటలన్నీ కాపలావోళ్లే చేసిరి. వాళ్లల్లోనే పెద్ద పెద్ద వంశాలు లేసె. తైరావోళ్లు, మినమోతోవోళ్లు తన్నుకొనిరి. మినమోతోవోళ్లు గెలిచిరి. రాజ్యం వాళ్ల చేతికే వచ్చె."

"అంటే, కాపలా కాసినోళ్లకే ఇల్లు దక్కిందా?"

"ఆ మా. ఎనిమిది వందల ఏండ్ల కిందట."

ఈ ముక్క దగ్గరికి వచ్చినప్పుడల్లా మహబూబ్బీ చేతిలో పని ఆగిపోతుంది. ఈ రోజూ అంతే. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాక ఉలిక్కిపడి లేచింది.

పాఠం చివర ఒక ఘట్టం ఉంది. సమురాయ్ తన దొర ముందు మోకాళ్లూని, రెండు చేతులా కత్తి సమర్పిస్తాడు. దొర స్థానంలో అమ్మ ఉండాలని టీచరమ్మ ఏర్పాటు చేసింది. ఇరవై రోజులుగా వంటింటి గచ్చు మీద మోకాళ్లూని, నయీమ్ ఆ కత్తిని మహబూబ్బీ చేతుల్లోనే పెడుతున్నాడు.

నలుగురి ముందు ఒక్కసారి అందుకుంటే చాలు. అంతకు మించి ఆమె ఏమీ కోరుకోలేదు. ఆ మాత్రం కోరుకున్నందుకే భయపడింది.

బడికి వెళ్లే దారిలో, కారు నడుపుతున్న డ్రైవరు బాషా అద్దంలోంచి ఆమెను చూసి నవ్వాడు. ఆమెది కడప, అతనిది ప్రొద్దుటూరు.

"ఏంక్కా, పరీక్ష వానికా, నీకా? సీటు అంచున కూర్చోనుండావు."

"రోడ్డు చూడు బాషా. మాటల్లో పడి యాడన్నా గుద్దేవు."

నయీమ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మా, నాకు కనబడేట్ల కూర్చో. కత్తి నీకే ఇస్తా."

"నేను యాడున్నా నిన్నే చూస్తాంటా. మెట్లు దిగేటప్పుడు కిందికి చూడు. పడతావు."

బడి దగ్గర నయీమ్ లోపలికి పరిగెత్తాక, బాషా గొంతు తగ్గించాడు.

"అంత మనసు పెట్టుకోవద్దుక్కా. రెక్కలొస్తే యాడుంటారు వీళ్లు?"

"ఏడు దినాల పసిగుడ్డప్పటి నుంచి ఎత్తుకుంటి బాషా. ఇంక యాడ పెట్టుకోమంటావు మనసు?"

బాషా ముందు సీట్లోంచి నయీమ్ నీళ్ల సీసా తీసి ఆమెకు అందించాడు.

హాలు కిటకిటలాడుతోంది. తల్లులు ముందు వరుసల్లో ఉన్నారు. మహబూబ్బీ వెనక తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది. ఒక చేతిలో వాడి నీళ్ల సీసా. ఇంకో చేతిలో వాడికి ఆయాసం వస్తే పీల్చే మందు.

నయీమ్ పేరు పిలిచారు. వాడు వేదిక మీద నోరు తెరవగానే ఇక్కడ ఆమె పెదవులు కదిలాయి. తైరా అన్నాడు. మినమోతో అన్నాడు. ఒక్క ముక్కా తడబడలేదు. చప్పట్లు మోగాయి.

కత్తి పట్టుకుని వేదిక దిగాడు. ఒక మెట్టు. రెండు. మూడు. పడలేదు.

ముందు వరుస దగ్గర ఆగాడు. తల ఎత్తి వెతికాడు. అన్ని ముఖాలూ దాటి, తలుపు దగ్గరున్న మహబూబ్బీ మీద వాడి చూపు నిలిచింది. ముఖం దీపంలా వెలిగింది. రెండు చేతుల మీదా కత్తి పట్టుకుని ఆమె వైపే నడవసాగాడు.

హాలంతా వెనక్కి తిరిగి చూసింది.

మహబూబ్బీ సీసా, మందు నేల మీద పెట్టేసింది. చేతులు వాటంతటవే ముందుకు సాగాయి. మరుక్షణం వాటిని వెనక్కి లాక్కుంది.

"వద్దు నాయనా," అంది తనలోనే.

చున్నీ కొంగుతో కళ్లు తుడుచుకుని, తల అడ్డంగా ఊపి, ముందు వరుసలో వాణ్ణి కన్న మేడమ్ కూర్చున్న కుర్చీ వైపు వేలు చూపించింది.