మారప్ప తోట బీన్సు

“స్టవ్ ఆపు వినుతా. రాయకోట సంతలో పట్‌మని విరిచి చూపించి అమ్మే బీన్సమ్మా ఇది. మెత్తగా అయిపోతే నా తోట కాయని ఎవరంటారు?” అన్నాడు మారప్ప, సూపు గిన్నెలోకి తొంగిచూస్తూ.

“ఈ సూపు అత్తకు మామా,” అంది కోడలు, మంట తగ్గించకుండానే.

“దానికి రాగిసంగటి ఉంటే చాలు. నెలగా అదే తింటా ఉంది.”

“సంగటైతే నమిలే పని లేదు కదా మామా. మింగేస్తే చాలు.”

మారప్ప భార్య వైపు తిరిగాడు. మంజులమ్మ దవడకు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“పంటినొప్పి అంటే హోసూరుకు పిల్చుకుపోయి పీకిస్తావని చెప్పకుండా ఉండిపోయినాను.”

మారప్ప గరిటెతో ఒక ముక్క తీసి, ఊది, వేళ్ల మధ్య నొక్కి చూశాడు.

“ఇంకొంచేపు ఉడకనీమ్మా,” అన్నాడు మెల్లగా. “ఇంకా నా తోట కాయ మాదిరే ఉంది.”