అత్తగారి గదిలో జాలీ

కెనడాలోని విన్నిపెగ్‌లో ఆ రాత్రి మైనస్ ముప్పై డిగ్రీలు. బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ హోరెత్తుతున్నా సిగ్రన్ గది వేడెక్కలేదు.

నిరుడు ఇలాంటి చలిలోనే, వెచ్చదనమంతా తన గదికే రావాలని, మంచం పట్టిన అత్తగారి గదిలో నేలమీద వేడి వచ్చే జాలీ మూత బిగించేసింది సిగ్రన్. వేడిగాలి మోసే రేకు గొట్టంలోంచి "చలేస్తోందే అమ్మాయ్" అని ముసలామె మూలుగు వినిపిస్తే, తన గది జాలీ మీదికి వంగి, "ఇంకో దుప్పటి కప్పుకోండత్తయ్యా! చలికెవరూ చావరు" అని తీరిగ్గా జవాబిచ్చింది. తెల్లారేసరికి ముసలామె కొయ్యబారిపోయి ఉంది.

ఇప్పుడా మూత సందుల్లోంచి వేడి పోతోందేమోనని సిగ్రన్ ఆ ఖాళీ గదిలోకి వెళ్లి, జాలీ మీద పల్చటి కాగితం పరిచింది. గాలి వస్తుంటే కాగితం పైకి లేవాలి. లేవలేదు. జాలీకి అతుక్కుపోయింది. కాసేపటికి వదులైంది. మళ్లీ అతుక్కుంది. కింద ఎవరో ఊపిరి పీల్చి వదులుతున్నట్టు.

అంతలో ఫర్నేస్ ఆగిపోయింది. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. కాగితం మాత్రం ఆగలేదు.

సిగ్రన్ తలుపు లాగింది. రాలేదు. నోట్లోంచి తెల్లటి ఆవిరి వస్తోంది.

"ఇంకో దుప్పటి కప్పుకోవే అమ్మాయ్," అని గొట్టంలోంచి తీరిగ్గా వినిపించింది. "చలికెవరూ చావరు."