కంచె మూల మనిషి

ఆ తెల్ల గుర్రం నోట్లో ఇనుము లేదు.

ముక్కు మీదుగా చుట్టిన తాడు, వీపు మీద మడిచిన గొంగడి. అంతే.

యాప్రాల్ మైదానంలో సాయంత్రాలు కలీముల్లా ఆ గుర్రం మీద పిల్లల్ని తిప్పుతాడు. ఐదేళ్ళ మిన్ను ఎక్కినంతసేపూ వాళ్ళమ్మ భవాని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేది.

"కళ్ళెం లేకుంటె ఎట్ల ఆగుతది భాయ్?" అని మొదటిరోజే అడిగింది.

"పట్టే చెయ్యి మంచిదైతె చాలమ్మా," అన్నాడు కలీముల్లా, తాడు చూపిస్తూ.

నిజంగానే ఆగేది. ప్రతి చుట్టులోనూ కంచె మూలకు రాగానే మేకు కొట్టినట్టు ఆగేది.

భవానికి గుర్రం భయం పోయింది. ఆ మూలన, కంచె అవతల నిలబడే ముసలాయన భయం పట్టుకుంది.

మాసిన ధోతి, తలకు తువ్వాలు. ఏ పిల్లకూ తాత కాడు. ఎవరితోనూ మాట్లాడడు. మిన్ను దగ్గరికి రాగానే పెదాలు కదుపుతాడు. ఏమంటాడో వినపడదు.

ఒకరోజు అన్నం తింటూ మిన్ను కూడా అచ్చం అలాగే పెదాలు కదిపింది. భవాని ముద్ద పళ్ళెంలోనే వదిలేసింది.

అంతకుముందే ఫోన్లో మెసేజ్ వచ్చింది. బోయిన్‌పల్లి వైపు పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారట.

ఆ ముసలోడుంటే ఏ తల్లీ పిల్లను పంపదని కలీముల్లాతో తెగేసి చెప్పింది. అతను తల దించుకున్నాడు. వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని తనే కంచె దగ్గరికి వెళ్ళింది.

ముసలాయన కంచె వదిలి కదిలాడు. పోతూ పోతూ ఒక్క మాట అన్నాడు.

"నేను లేంది పాపను ఎక్కియ్యకు బిడ్డా."

భవాని గొంతు పెంచింది.

"బెదిరిస్తున్నవా?"

అతను వెనక్కి తిరగలేదు.

మర్నాడు కంచె మూల ఖాళీ. భవాని నిమ్మళంగా ఊపిరి తీసుకుని, మిన్నును తనే ఎత్తి కూర్చోబెట్టింది.

గుర్రం మూల దాకా వచ్చింది.

ఆగలేదు.

చెవులు నిక్కించి కంచె పొడవునా వెతికింది. కలీముల్లా తాడు గుంజాడు. తాడు అతని అరచేతిని కోసుకుంటూ జారిపోయింది.

గేటు తెరిచి ఉంది. గుర్రం అటే ఉరికింది. బయట రోడ్డు మీద ఇసుక లారీలు.

భవాని చెప్పుల్లేకుండా పరుగెత్తింది.

రోడ్డు అంచున మిన్ను ముందుకు వంగి, గుర్రం చెవి దగ్గర పెదాలు కదిపింది.

గుర్రం మేకు కొట్టినట్టు ఆగింది. లారీ లేపిన దుమ్ము ఇద్దరి మీదా పడింది.

భవాని బిడ్డను లాక్కుని గుండెకు అదుముకుంది.

"చెయ్యి మంచిదంటివి గద భాయ్?"

కలీముల్లా రక్తం కారుతున్న అరచేతిని చూసుకున్నాడు.

"నా చెయ్యి ఉత్తదేనమ్మా. ఒక్కరోజుకు ఏం కాదనుకున్న. ఈ గుర్రం జంగయ్యది. నువ్వు ఎల్లగొట్టినవే, ఆయనది. పిల్లప్పటి సంది సాదిండు."

"పిలువు భాయ్. కాళ్ళు మొక్కుత."

"పొద్దుగాల్నే ఊరిడిసి పోయిండు. ఏడికో నాకు సుత తెల్వదు."

భవాని ఖాళీ మూలను చూస్తూ ఉండిపోయింది. గుర్రం కూడా అటే చూస్తోంది.

కలీముల్లా మెల్లగా అన్నాడు. "దాని నోట్లె ఇనుము పెట్టకని నాకు అప్పజెప్పిన్నాడే చేతులు జోడిచ్చిండు. మరి పిల్లలెక్కుతరు గద, ఎవరాపుతరని నేనంటె, పిల్లలు దిగేదాంక దినాం నేనొచ్చి నిలబడుత అన్నడు."