ముక్కు మొనగాడు

భూపేష్ కారు తలుపు తెరిచి, తల లోపల పెట్టి, ఒక్కసారి గాలి పీల్చి, తుమ్ముకుంటూ బయటికొచ్చి పడ్డాడు.

“ఏందన్నా ఇది! లోపల ఎవుర్నన్నా పూడ్చిపెట్టినావా?”

“ఏసీ వేస్తే కొంచెం ముక్కిపోయిన వాసన వస్తాదప్పా,” అన్నాడు కారు యజమాని నారాయణ తాపీగా. “బండి మాత్రం బంగారం. ఇన్నేండ్లలో ఒక్కనాడు దారిలో నిలబెట్టలేదు.”

బంగారమో ఇత్తడో, భూపేష్‌కు ఆ కారు కావాలి. ఈరోజే కావాలి. రేపు కడపలో మరదలి గృహప్రవేశం. పోయినసారి ఒక పెళ్లికి బైకు మీద తీసుకుపోతే, దిగేసరికి భార్య శిల్ప ఆకుపచ్చ పట్టుచీర మట్టిరంగు పట్టుచీర అయింది. “ఈసారి ఏసీ కారులో అయితేనే వస్తా” అని శిల్ప తేల్చి చెప్పింది. అతను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఎర్రగుంట్లలో తన వీధి మొత్తానికీ చాటింపు వేసి, చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు కూడా జేబులో వేసుకుని మరీ, కడప పక్కనున్న ఈ పల్లెకు బస్సెక్కాడు.

“ఈ వాసన మాత్రం ఎవురితోనూ పోదప్పా,” నారాయణ నిట్టూర్చాడు. “మెకానిక్కులే దండం పెట్టి పోయినారు. ఇష్టముంటే వాసనతోనే తీసుకో.”

ఆ మాట సూటిగా భూపేష్ ముక్కుకు తగిలింది. అది అలాంటిలాంటి ముక్కు కాదు. ఎర్రగుంట్లలో నిలబడి, కడపలో ఎవరింట్లో తాలింపు మాడిందో చెప్పే ముక్కు. ఒకసారి దానికి జలుబు చేస్తే, వీధిలో ఆడవాళ్లు భయపడి గ్యాసు పొయ్యిలే ముట్టించలేదని అతనే చెబుతాడు.

“నేను పోగొడితే?”

“నువ్వా?” నారాయణ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. “పోగొడితే నువ్వు చెప్పిన ధరకే తోలుకోని పో.”

“మాట మీదుండాల!”

“మా వంశంలో మాట తప్పినోళ్లు లేరప్పా.”

భూపేష్ చొక్కా విప్పేశాడు. స్క్రూడ్రైవరు అడిగేలోపే అది నారాయణ చేతిలో ఉంది. చాప అనేలోపే నారాయణ భార్య వెంకటలక్ష్మమ్మ నీడలో పరిచేసింది. ఎంత మంచి మనుషులో అనుకున్నాడు.

వైపర్లు ఊడదీసి, ముందు అద్దం కింద గాలి పోయే జాలీ ఎత్తాడు. వేపాకు! పిడికిళ్లతో తీశాడు, తరగలేదు. దోసిళ్లతో తీశాడు, తరగలేదు. వెంకటలక్ష్మమ్మ గంప తెచ్చింది. గంప నిండింది, రెండో గంపా నిండింది, ఊర్లో మేకలన్నీ వచ్చి కారు చుట్టూ మీటింగు పెట్టాయి.

“అన్నా, వేపచెట్టు బయటుండాదా, బండిలోనే ఉండాదా?”

“విత్తనం లోపలే పడినట్టుండాదప్పా.”

తర్వాత డ్యాష్‌బోర్డు సొరుగు ఊడదీసి, ఫిల్టరు లాగాడు. దాని వెనక ఎలుకల కాపురం. దూది పరుపు, శెనక్కాయ పొట్టు దిండ్లు, ఎర్రగుడ్డ పరదా.

“అయ్యో, నా జాకెట్టు గుడ్డ!” వెంకటలక్ష్మమ్మ కేక పెట్టింది. “దీనికోసం ఆ దర్జీని నానా మాటలన్నా గదప్పా!”

ఒక లావుపాటి ఎలుక బయటికొచ్చి, చెప్పాపెట్టకుండా ఖాళీ చేయిస్తావా అన్నట్టు భూపేష్‌ను ఎగాదిగా చూసి, నడుచుకుంటూ వెళ్లిపోయింది.

చివరగా, ఏసీ నీళ్లు బయటికి పోయే పైపులో తీగ పెట్టి పొడిచాడు. నల్లటి మురుగు బుడబుడమని దిగింది. ఆ వాసనకు మేకలు మీటింగు రద్దు చేసుకుని పారిపోయాయి.

“దొంగ దొరికినాడన్నా!” భూపేష్ ఎగిరి గంతేశాడు. సబ్బునీళ్లు కొట్టి, కడిగి, తలుపులన్నీ తెరిచి, ఫ్యాను పూర్తిగా తిప్పాడు. ఫ్యాను గర్రుమని, మిగిలిన దుమ్మంతా తెచ్చి అతని మొహాన కొట్టింది. పళ్లు మాత్రం తెల్లగా మిగిలాయి.

అంతలో శిల్ప ఫోను. “యాడుండావు? వీధి వీధంతా మన వాకిట్లోనే కూచోనుండాది. హారతి పళ్లెంలో కర్పూరం పెట్టేదా?”

“పెట్టు పెట్టు! వస్తాండా!”

నారాయణ ఏసీ వేశాడు. గాలి జివ్వున వచ్చింది. వాసన లేదు. అంతటి ముక్కుతో భూపేష్ మూలమూలా వెతికాడు, లేదు.

“ఒక చుట్టు తిప్పి చూస్తాం,” అంటూ మొగుడూ పెళ్లాం కారెక్కి ఊరంతా తిరిగొచ్చారు. భూపేష్ నిమ్మకాయలు తీసి సిద్ధంగా నిలబడ్డాడు.

వెంకటలక్ష్మమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ దిగింది. “లోపల ఊటీ మాదిరుండాదప్పా. దీన్ని నేనమ్మను. నా బిడ్డ మాదిరి పెంచుకున్యా.”

“ఏందన్నా ఇది! మాటిచ్చినావే!”

“నేను మాట తప్పలేదప్పా,” నారాయణ నేల చూపులు చూశాడు. “బండి ఆమె పేరు మీదుండాది.”

“సంగటి తిని పో నాయనా,” అంది వెంకటలక్ష్మమ్మ ప్రేమగా. భూపేష్ వద్దన్నాడు. అతని ముక్కు మాత్రం ఊరిబిండి పచ్చడి వాసనకు లొంగిపోయింది. తినక తప్పలేదు.

బస్టాపుకొచ్చేసరికి ఫోను మళ్లీ మోగింది. “కర్పూరం ముట్టించినా! మలుపు తిరిగినావా?”

భూపేష్ ఫోను జేబులో పెట్టేసి, పక్కనున్న టీ అంగడి బల్ల మీద కూలబడ్డాడు. అంగడి గోపన్న గ్లాసు అందిస్తూ, అతని తలలో వేపాకులూ, మొహాన మసీ చూశాడు.

“నారాయణన్న కారేనా?”

భూపేష్ తలూపాడు. గోపన్న ముసిముసిగా నవ్వాడు.

“ఈ ఏడాదికి దొరికింది నువ్వా అప్పా!”